పెరట్లో పిట్టలు, రచ్చకట్ట మీద ఆట: ఊళ్లో ఏడాది పొడవునా జరుపుకునే పద్ధతి

మేం మొదటిసారి ఈ పని పెట్టుకున్నప్పుడు తప్పు చేశాం. మాది అనంతపురం జిల్లాలో చిన్న పల్లె. ఉగాది మరుసటి సాయంత్రం గుడి ముందర వేపచెట్టు కింద కార్యక్రమం. పేరు కూడా ఘనంగా ‘పిట్టల పండగ’ అని పెట్టుకున్నాం. రెండు పెద్ద సౌండ్ బాక్సులు, చెట్టు చుట్టూ సీరియల్ లైట్లు, రాత్రి పది దాకా పాటలు. ఆ పక్కనే ఉన్న మందారం పొదలో పిగిలిపిట్ట, అదే బుల్బుల్, గూడు పెట్టి ఉందని మాలో ఒక్కరికీ తెలీదు. తెల్లారి ఊడ్చడానికి వచ్చిన అవ్వ పిలిచి చూపించింది. గూట్లో రెండు పిల్లలు చల్లబడిపోయి ఉన్నాయి. తల్లి జాడ లేదు. ‘పిట్టల పండగ చేసినారు గదా నాయనా, బాగా చేసినారు’ అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి మేం పద్ధతి తిరగేశాం. ముందు చూడటం, తర్వాత పండగ. ఏ నెలలో ఏం జరపాలో పెరట్లో, చేలో, బావి గట్టున జరిగేదాన్ని బట్టి నిర్ణయిస్తాం. గోడ క్యాలెండర్ ఆ తర్వాతే. కింద రాసిందంతా ఆ దారిలో నేర్చుకున్నది. కర్నూలు, కడప పల్లెలకూ పనికొస్తుంది. నేల రంగు, వాన లెక్క కొంచెం మారతాయి, అంతే.

మొదటి పని: రెండొందల పేజీల నోటుపుస్తకం

డబ్బు వసూలు చేయకముందే, కమిటీ వేయకముందే ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి. పేజీకి ఐదు గడులు గీయండి: తేదీ, కార్తె, ఏం కనిపించింది, ఎక్కడ, ఎవరు చూశారు. కార్తె గడి ఎందుకంటే, మన ఊళ్లో పెద్దవాళ్లకు ‘జూన్ ఆఖరు’ అంటే గుర్తుకురాదు, ‘ఆరుద్రలో’ అంటే అన్నీ గుర్తొస్తాయి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. జూన్ 8 దగ్గర మృగశిర, జూన్ 22 దగ్గర ఆరుద్ర మొదలవుతాయి.

‘ఎవరు చూశారు’ అన్న గడి చిన్నదిగా గీయకండి. పుస్తకం నిండేది దానివల్లే. మా ఊళ్లో ఐదో తరగతి పిల్లవాడు తన పేరు రాయించుకోవడానికి రోజూ పొద్దున్నే వచ్చేవాడు. మొదటి నెల వాడు చెప్పినవన్నీ కాకులే. రెండో నెలలో కాకి గూటి చుట్టూ కోయిల తిరగడం చూసింది కూడా వాడే.

పేర్ల విషయంలో తొందరపడి ఇంగ్లీషు పేర్ల కోసం వెతకొద్దు. ముందు ఊళ్లో ఏమంటారో రాయండి. గొర్రెలు కాసే మామలకు, పాత తరం అవ్వలకు తెలిసినన్ని పేర్లు ఏ ఫోన్ యాప్‌లోనూ ఉండవు. కలివికోడి సంగతే చూడండి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం వైపు అడవుల్లో అది మళ్లీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకులాటలో స్థానికుల సాయం తీసుకున్నారు. రాత్రిపూట దాన్ని పట్టుకున్నది కూడా అక్కడి మనిషే. శాస్త్రవేత్తలు లేదనుకున్న పిట్టకు ఆ పల్లెల్లో పేరు మాత్రం ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి.

పిల్లలకు బాగా నచ్చే పేరు ఇంకోటి: పసుల పోలిగాడు. గొడ్ల వీపు మీదెక్కి సవారీ చేస్తూ, అవి నడిచేటప్పుడు లేచే పురుగుల్ని పట్టుకునే నల్లటి పిట్ట, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టు పోలిగాడు కూడా పోలిగాడే కదా! ఇద్దరికీ చుట్టరికం ఉందో లేదో గానీ, మా పిల్లలు ఆటలో ఇద్దర్నీ అన్నదమ్ముల్ని చేశారు. ఆ సంగతి తర్వాత చెబుతా.

పుస్తకం కనీసం ఒక వానాకాలం, ఒక చలికాలం నడవాలి. అందాకా పెద్ద కార్యక్రమం పెట్టొద్దు. ఆత్రంగా ఉంటుంది, తెలుసు. మేమూ ఆత్రపడే గుడి ముందర ఆ పని చేశాం.

రెండో పని: పెరటిని సిద్ధం చేయడం

అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. కాబట్టి మన దగ్గర పిట్టల్ని పిలవాలంటే గింజల కన్నా ముందు నీళ్లు పెట్టాలి.

మట్టి మూకుడు తీసుకోండి, అడుగు వెడల్పు, రెండు వేళ్ల లోతు చాలు. లోతైన బేసిన్ పెడితే పిచ్చుకలు, తేనెటీగలు పడి చస్తాయి. మధ్యలో ఒక గరుకు రాయి పెట్టాలి, దాని మీద నిలబడి తాగుతాయి. మిద్దె మీద ఎండలో పెడితే మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోతాయి, అందుకని చెట్టు నీడన పెట్టండి. పొదకు మరీ ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది. పొదకూ మూకుడుకూ మధ్య రెండు బారల జాగా ఉంటే పిట్టకు ఎగిరిపోయే అవకాశం దొరుకుతుంది. నీళ్లు రోజూ మార్చాలి, రెండు రోజులకోసారి కొబ్బరి పీచుతో రుద్దాలి. వారం వదిలేస్తే దోమలు పెంచినట్టే. మార్చిన నీళ్లు పారబోయకుండా కరివేపాకు మొదట్లో పోయండి.

బోకులు తోమిన నీళ్లు కూడా అట్లాగే ఒక కాలువగా మళ్లిస్తే రెండు మందారాలు, ఒక మునగ బతుకుతాయి. కొత్తగా నాటిన మొక్కకు కుండ పెట్టే పాత పద్ధతి మంచిది. కాల్చిన మట్టి కుండను మెడదాకా మొక్క పక్కన పాతి, నీళ్లు నింపి, మూత పెడితే చెమర్చినట్టు మెల్లగా వేళ్లకు అందుతాయి. ఎండాకాలంలో మొక్క బతికేది దీంతోనే. నాటడం మాత్రం ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఒక మంచి పదును పడ్డాక.

ఏ మొక్కలు? నర్సరీలో రంగురంగుల పూలు చూసి మోసపోవద్దు. సీతాకోకచిలుకకు పువ్వు హోటల్ లాంటిది, అదొక్కటే ఉంటే తాగి వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టాలంటే దాని ఆకు దానికి కావాలి. నిమ్మ, కరివేపాకు మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. దాని చిన్న పురుగు అచ్చం పిట్ట రెట్టలాగా ఉండి తప్పించుకుంటుంది, పెద్దయ్యాక పచ్చగా మారిపోతుంది. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు ఉండే సీతాకోకచిలుక పెడుతుంది. తంగేడు మీద పసుపు, తెలుపు రెక్కలవి, ఆముదం మీద ఇటుక రంగువి, ఈశ్వరి తీగ మీద నలుపు మీద ఎరుపు చుక్కలవి. ఇవన్నీ మన గట్ల మీద ఉచితంగా దొరికేవే. కరివేపాకు కొమ్మ మీద పురుగులు కనబడగానే మందు కొట్టే అలవాటు మానాలి. చెట్టు ఎదిగినదైతే నాలుగు కొమ్మలు పోతాయి, మళ్లీ చిగురేస్తుంది. మా వదిన దీనికి ఒప్పుకోలేదు. చివరికి వంటకు ఒక చెట్టు, పురుగులకు ఒక చెట్టు అని రాజీ కుదిరింది.

పిచ్చుకల సంగతి వేరే. మన పాత మట్టి మిద్దెల్లో దూలాల సందులు, గవాక్షి అంచులు వాటికి సొంత ఇళ్లు. ఆర్‌సీసీ కప్పులొచ్చాక ఆ సందులు పోయాయి. చెక్క డబ్బా గానీ, చిన్న కుండ గానీ వరండా కింద ఎనిమిది, పది అడుగుల ఎత్తులో కట్టండి. రంధ్రం అంగుళం పావు ఉంటే చాలు. అంతకన్నా పెద్దగా చేస్తే గోరింకలు ఆక్రమిస్తాయి. పడమటి ఎండ తగలకూడదు. కట్టిన నెలలోనే రాలేదని పీకేయొద్దు. మా పంచాయతీ ఆఫీసు వరండాలో కట్టిన డబ్బా ఏడాదిన్నర ఖాళీగా ఉంది. గింజల కోసం కొర్ర కంకులో, జొన్న కంకులో కుచ్చుగా కట్టి వేలాడదీస్తే సరిపోతుంది.

ఎండిన వెదురు గడలు రెండు మూడు ఒక మూలన వదిలేయండి. పెద్ద నల్ల తుమ్మెద వాటిలో తొలుచుకుని కాపురం పెడుతుంది. మునగ పూతకు మంచి పనిమనిషి అది.

మూడో పని: ఏ కాలానికి ఏ వేడుక

ఇక్కడే మా పుస్తకం పనికొచ్చింది. రెండేళ్ల రాతలు పక్కపక్కన పెట్టుకుంటే కాలానికో రంగు తేలింది.

ఎండాకాలం. వేపపూత నుంచి మే ఆఖరు దాకా. కోయిల కూత మొదలవుతుంది. కూసేది నల్లటి మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. పిగిలిపిట్టలు, తేనెపిట్టలు గూళ్లు పెట్టే కాలం ఇది. అందుకే ఈ మూడు నెలలూ చెట్ల కింద మైకు పెట్టం. ఉగాది నాడు చేసేది ఒకటే: ఇంటికో మూకుడు. పొద్దున అరుగు మీద కూర్చుని పిల్లలు, ఆడవాళ్లు మూకుళ్ల బయటివైపు సున్నం, జాజుతో ముగ్గులు వేస్తారు. లోపల రంగు వేయకూడదు. సాయంత్రానికి ఆ మూకుళ్లు ఊరంతా పెట్టేస్తారు. గంటన్నర పని. ఉగాది పచ్చడి తప్ప ఖర్చేమీ లేదు.

ఈ కాలంలోనే వీలైతే ఒక ఆదివారం పిల్లల్ని వీరాపురం తీసుకెళ్లండి. హిందూపురం దాటాక చిలమత్తూరు మండలంలో ఉంది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. చలి తగ్గే వేళకు ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి వచ్చి, ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇళ్ల మీద రెట్టలు పడుతున్నా ఆ ఊరివాళ్లు వాటిని తరమరు. వాళ్ల అరుగు మీద కూర్చుని అరగంట మాట్లాడితే చాలు, పండగ ఎలా చేయాలో మనకు అర్థమవుతుంది. అక్కడ చెట్ల కింద అరవకూడదని పిల్లలకు బస్సులోనే చెప్పండి.

తొలకరి. రోహిణి చివర నుంచి ఆరుద్ర దాకా. దీనికి తేదీ పెట్టలేం, వాన పడ్డ మరుసటి పొద్దునే వేడుక. అందుకని ముందే ఒక మాట అనుకోవాలి: ‘రాత్రి గట్టి వాన పడితే ఆరింటికి బడి దగ్గర’. ఉసుళ్లు లేచిన రాత్రి తర్వాత ఎర్ర నేలలో ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి, మఖ్మల్ ముద్దల్లాగా. కాళ్లు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. ఎనిమిది వస్తాయి, అంటే సాలీడు వంశం. ఉసుళ్లు తినడానికే అవి మట్టిలోంచి బయటికొస్తాయి. చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ అక్కడే వదిలిపెట్టాలి. అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తీసుకెళ్లే పాత అలవాటు మాకూ ఉండేది, సాయంత్రానికి చచ్చిపోయేవి. ఈ నడకకు పాట కావాలంటే మైకు అక్కర్లేదు. ఏరువాక పదాలు తెలిసిన పెద్దాయన ఒకరు వెంట నడిస్తే చాలు. విత్తనం పనులు మొదలయ్యే రోజులు, ఎనిమిదింటికల్లా అందర్నీ వదిలేయాలి.

శ్రావణ, భాద్రపదాలు. మా పుస్తకంలో ఎక్కువ పేజీలు వీటివే. బావుల మీదికి వంగిన ఈత, తుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు కడతాయి. అల్లేది మగది. సగం అల్లి, గంట ఆకారంలో ఉన్నప్పుడే ఆపి, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి చూసి, నచ్చితే ఉంటుంది. అప్పుడు మిగతా గూడు, కిందికి వేలాడే సొరంగం పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లాగే ఉండిపోతుంది. గూటి లోపల బంకమట్టి ముద్దలు కూడా అతికించి ఉంటాయి.

ఇక్కడ కలపాల్సిన కళ అల్లికే. ఊళ్లో ఈతాకు చాపలు, బుట్టలు అల్లేవాళ్లు ఇంకా ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లను పిలిచి, వానాకాలంలో రాలిన పాత గూడు ఒకటి పక్కన పెట్టి, పిల్లలకు అల్లడం నేర్పించమనండి. మొదటి ఏడు మేం అల్లికకు ఒక గంట కేటాయించాం, అస్సలు సరిపోలేదు. మూడు సాయంత్రాలు పెట్టుకోండి. నేర్పినవాళ్లకు కూలి లెక్క కట్టి ఇవ్వండి, శాలువా కప్పి పంపేయొద్దు.

సెప్టెంబరు నెలను దేశమంతటా సీతాకోకచిలుకల నెలగా జరుపుతున్నారు, 2020 నుంచి. మన దగ్గర అదే సమయంలో వినాయక చవితి వస్తుంది. పత్రి కోసం పిల్లలు గట్లెక్కి జిల్లేడు, రేగు ఆకులు తెంపుకొస్తారు. తెంపేముందు ఆకు తిప్పి చూడమని ఒక్క మాట చెప్పండి. వెనకవైపు గుడ్డో పురుగో ఉంటే ఆ ఆకు వదిలేసి పక్కది తెంపాలి. ఇరవై ఒక్క ఆకుల పేర్లు ఇట్లా ఆడుతూ వస్తాయి, మట్టి వినాయకుడు ఎట్లాగూ ఉన్నాడు.

దసరా నుంచి కార్తీకం దాకా ఏమీ పెట్టొద్దు. శెనక్కాయలు పీకే కాలం. ఊళ్లో మనుషులు దొరకరు, దొరికినా ఒళ్లు హూనమై ఉంటారు. మేం ఒకసారి ఈ రోజుల్లో కోలాటం పెడితే ఆడినవాళ్ల కన్నా కుర్చీలే ఎక్కువ. దసరా రోజు పాలపిట్టను చూడటం మంచి శకునమని నమ్మకం. కరెంటు తీగ మీద దొరుకుతుంది, దూరం నుంచి చూసి దండం పెట్టుకోండి. పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులడిగేవాళ్లు వస్తే ఇవ్వకండి. అది 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. (పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అని ఇంకా పిల్లలకు చెబుతున్నారు. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ పక్షి రామచిలుక.)

చలికాలం. సంక్రాంతి నుంచి మహాశివరాత్రి దాకా. పెద్ద కార్యక్రమానికి ఇదే సరైన సమయం. పంట ఇంటికొచ్చి ఉంటుంది, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి, పెరటి పిట్టల్లో చాలా వాటికి ఇంకా గూళ్లు ఉండవు. వలస పిట్టలు వచ్చి ఉంటాయి. కర్నూలు నల్లరేగడి జొన్న చేల మీద గులాబీ రంగు గోరింకలు గుంపులు గుంపులుగా వాలే కాలం ఇది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించినవి లెక్కపెట్టి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించొచ్చు. మేం ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రాన్నే మా పెద్ద ఆటకు పెట్టుకుంటాం. పొద్దున లెక్క, రాత్రి ఆట.

నాలుగో పని: ఆట రాత్రి

నెల ముందు పంచాయతీలో ఒక మాట, పోలీస్ స్టేషన్‌లో మైకు పర్మిషన్ అర్జీ. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించేలా అనుకోండి. తెల్లవార్లూ ఆడే తోలుబొమ్మలాటను మూడు గంటలకు కుదించడం పాపమే. అయినా అదొక్కటే దారి. ఏ ఘట్టం ఆడాలో బృందంతో ముందే మాట్లాడుకుంటే కథ తెగిపోదు.

స్థలం ఎంచుకునే ముందు రెండు రోజులు పొద్దునా సాయంత్రం ఆ జాగా చుట్టూ తిరిగి గూళ్లు, తొర్రలు చూడండి. గూడు ఉంటే స్థలం మారాలి, వాదన లేదు. రచ్చకట్ట మీద రావి చెట్టు ఉంటే తొర్రలో పైడికంటి గుడ్లగూబ ఉండొచ్చు. మా ఊళ్లో ఉంది, అందుకే మేం బడి మైదానానికి మారాం. సౌండ్ బాక్స్ ఒకటే, జనం వైపు తిప్పి, చెట్ల వైపు కాకుండా. లైట్లు పసుపు రంగువి, కిందికి చూసేవి. తెల్లటి ఫోకస్ లైట్లకు పురుగులన్నీ ఎగబడతాయి. బొమ్మలాట మధ్యలో తెర మీద రెక్కల పురుగులు పాకుతుంటే రావణుడి పది తలలు చూసేదెవరు?

బృందాల సంగతి. అనంతపురం వైపు తోలుబొమ్మలాటకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా చేసి, రంగులు వేసి, నగలన్నీ సన్నటి రంధ్రాలుగా కొట్టి చేస్తారు. దీపం వెలుగు ఆ రంధ్రాల్లోంచి వస్తే కిరీటం మెరుస్తుంది. ఇప్పుడు లాంప్ షేడ్‌లే ఎక్కువ అమ్ముడవుతున్నాయి, ఆట పిలుపులు తగ్గాయి. కాబట్టి పిలిచేటప్పుడు బేరం ఆడకండి. అడ్వాన్సు సగం, దారి ఖర్చు, రాత్రి భోజనం, పడుకోవడానికి ఒక గది, ఇవి ముందే కాగితం మీద రాసుకోండి. కర్నూలు వైపైతే నాట్యమాడే గురవయ్యలు ఉన్నారు, ఎలుగుబంటి బొచ్చు టోపీ, డమరుకంతో. అనంతపురంలో ఉరుము అనే వాద్యం వాయించే ఉరుముల వాళ్లున్నారు. ఆ ఉరుము దగ్గర్లో మోగితే గుండె అదురుతుంది. దాన్ని మైదానం మధ్యలో పెట్టండి, చెట్ల మొదట్లో కాదు.

ముందు ఊరివాళ్ల చెక్కభజన పెట్టండి. బయటి బృందం ముందు ఆడేస్తే తర్వాత మనవాళ్లు సిగ్గుపడి లేవరు. ఆ తర్వాత పిల్లల బొమ్మలాట. చివరగా పిలిచిన బృందం.

తిండికి ఉగ్గాని బజ్జి, ఉడకబెట్టిన శెనక్కాయలు. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దని చెబితే కుర్రాళ్లు నవ్వారు. విస్తరాకులు తెప్పిస్తే పొద్దున్నే ఆవులు తినేశాయి, ఊడ్చే పని సగం తగ్గింది.

పిల్లల బొమ్మలు: మూడు సాయంత్రాల్లో

దీనికి తోలు అక్కర్లేదు. అంగట్లో ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చుకోండి.

మొదటి సాయంత్రం నోటుపుస్తకం తెరిచి, ఒక్కో పిల్ల ఒక్కో జీవిని ఎంచుకోవాలి, ఈ ఏడాది తాను చూసినదై ఉండాలి. నెమలి వద్దని చెప్పండి. చెప్పకపోతే ఇరవై మందీ నెమలే గీస్తారు. జానెడు పొడవున అట్ట మీద పక్క నుంచి చూసినట్టు గీయాలి. ముక్కు, తోక కాస్త పెద్దవి చేయాలి, నీడలో అవే గుర్తుపట్టిస్తాయి.

రెండో సాయంత్రం కత్తిరింపు. కళ్లు, ఈకల గీతలు మేకుతో పొడిచి రంధ్రాలుగా చేయాలి. పెద్ద రంధ్రాల వెనక రంగు జిలెటిన్ కాగితం అంటిస్తే పాలపిట్ట రెక్క నీలంగా వెలుగుతుంది. రెక్క విడిగా కత్తిరించి, దారంతో ముడి వేస్తే ఆడుతుంది. మధ్యలో నిలువుగా చీల్చిన వెదురు పుల్ల కట్టాలి, రెక్కకు ఇంకో సన్న పుల్ల.

మూడో సాయంత్రం తెర. తెల్ల పంచె ఒకటి రెండు గుంజల మధ్య బిగుతుగా, పై అంచు కొంచెం ముందుకు వాలేలా కట్టండి. వెనక ఒకే బల్బు చాలు, ఆడేవాళ్ల తల కన్నా పైన. రెండు బల్బులు పెడితే నీడలు రెండవుతాయి. బొమ్మను తెరకు ఆనించి పట్టుకోవాలి. దూరం జరిగితే నీడ పెద్దదై మసకబారుతుంది. ఇదే కిటుకుగా వాడుకుని మా పిల్లలు కాకిని చూస్తుండగానే రాక్షసుడంత పెద్దది చేశారు.

కథ పెద్దవాళ్లు రాసివ్వొద్దు. మా పిల్లల కథ ఇది: పసుల పోలిగాడు తన అన్న జుట్టు పోలిగాణ్ని వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతాడు. కోయిలమ్మను అడిగితే ‘నా పిల్లల్ని నేనే పెంచను, నీ అన్న సంగతి నాకేం తెలుసు’ అంటుంది. గిజిగాడు ‘ఇల్లు కట్టుకుంటున్నా, తర్వాత రా’ అంటాడు. చివరికి అన్న తోలుబొమ్మల పెట్టెలో నిద్రపోతూ దొరుకుతాడు. అప్పుడే నిజమైన బృందం తెర వెనకకు వచ్చి తమ జుట్టు పోలిగాణ్ని ఎత్తిపట్టింది. జనం ఈలలు వేశారు. ఇది ఆ బృందంతో ముందే మాట్లాడుకున్న ఏర్పాటే, పిల్లలకు మాత్రం చెప్పలేదు.

జాగ్రత్తలు, గట్టిగా పాటించాల్సినవి

గిజిగాడి గూళ్లు ఉండేది బావుల మీద. చాలా పాత బావులకు గోడ ఉండదు. పది మంది పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు, బావి అంచుకు నాలుగు బారల దూరంలో తాడు కట్టి, ఆ తాడు దాటనివ్వకూడదు. ఫొటో కోసం కొమ్మ వంచేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు, ఎక్కువసార్లు మనలోనే. గూటి దగ్గర ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా మానాలి.

చిలకల్ని పంజరంలో పెట్టి ‘ప్రదర్శన’ చేయకూడదు. పాములు పట్టేవాళ్లను పిలిచి ఆడించకూడదు. రెండూ చట్ట ప్రకారం తప్పే.

రాత్రి ఆటకు చీకట్లో నడిచి వచ్చేవాళ్ల చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది, ఏ పామో తెలియాలని దాన్ని చంపి మోసుకెళ్లక్కర్లేదు.

తేనెపట్టు ఉన్న చెట్టు కింద పొగ, పటాకులు పనికిరావు. అసలు పటాకులే వద్దు.

మర్నాడు పొద్దున

ఆరింటికి మళ్లీ మైదానానికి వెళ్లండి. నిద్ర వస్తుంది, అయినా వెళ్లాలి. చెట్ల మీద నిన్నటి పిట్టలు ఈ రోజూ ఉన్నాయా, రచ్చకట్ట దగ్గర పైడికంటి తన తొర్రలోనే ఉందా చూసి పుస్తకంలో రాయాలి. కింద పడ్డ కాగితాలు, దారం ముక్కలు ఏరాలి. నైలాన్ దారం పిట్టల కాళ్లకు చుట్టుకుంటుంది. లెక్కలు అదే రోజు అరుగు మీద కూర్చుని అందరి ముందూ చదవండి: ఎంత వచ్చింది, బృందానికి ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది. మాకు పోయినేడు మిగిలింది బల్బు ఒకటి, బస్తాలో సగం శెనక్కాయలు. బల్బు బడికి ఇచ్చాం. శెనక్కాయలు చెక్కభజన వాళ్లు పంచుకున్నారు. ఇక తెరకు కట్టిన పంచె మా చిన్నాయనది, పిల్లలు దాని మీద జిగురు పూశారు. ఉతికి, ఇస్త్రీ చేయించి, సాయంత్రానికి ఇచ్చేశాం. మళ్లీ ఏడాది అడగాలి కదా.